జరిగినదాన్ని చెప్పడం

బందరు పక్కనున్న గూడూరులో సాయంత్రం ట్యూషన్‌కు కూర్చున్న పిల్లలు ఇంగ్లీషులో ఏదైనా సంగతి రాయాల్సి వస్తే ఒక్కచోట తప్పకుండా ఆగుతారు. అయిపోయిందని తెలుసు. కానీ ‘వెంట్’ అనాలా, ‘హ్యాడ్ గాన్’ అనాలా, ‘హ్యాజ్ గాన్’ అనాలా? పెన్ను అక్కడే నిలబడిపోతుంది.

‘మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన సంగతి రాయండి’ అంటే ఇక్కడి చాలా ఇళ్ళలో ముందు వచ్చేది ఉప్పెన. 1977 నవంబరు 19. దివిసీమ మీద సముద్రం విరుచుకుపడి వేల ప్రాణాలు తీసుకుపోయిన రోజు.

పుట్టిల్లు నాగాయలంక వైపున్న అమ్మమ్మ ఆ కథ చెప్పే తీరే వేరు. “పొద్దుట్నించీ గాలి. తలుపు తీసేసరికి నీళ్ళొచ్చేసినయ్. చూరు పట్టుకుని వేలాడుతున్నాం, ఇంకా పైకొస్తా ఉన్నయ్...” మొదట అంతా గతం. చూరు పట్టుకోగానే వర్తమానం. చేతులు కూడా పైకి లేస్తాయి.

ఇంగ్లీషు ఇక్కడ లెక్క అడుగుతుంది. తలుపు తీయడం ముందా, నీళ్ళు రావడం ముందా? నీళ్ళే ముందైతే వాటికి ‘హ్యాడ్’ తగిలించాలి. మనకు ఆ పని ‘తీసేసరికి’ అన్న మాటే చేసిపెడుతుంది. బందరులో కొన్నాళ్ళు కొలువు చేసిన సి.పి. బ్రౌన్ దొర 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. మన క్రియల దగ్గర ఆయనా ఇలాగే ఎన్నిసార్లు ఆగి ఉంటాడో.

“మా నాన్న వేటకు వెళ్ళేవాడు. ఆ రోజు కూడా వెళ్ళాడు.” మొదటి మాటలో ఎన్నో ఏళ్ళ తెల్లవారుజాములున్నాయి. రెండోదానిలో ఒక్కటే రోజు. ‘యూస్డ్ టు గో’, ‘వెంట్’ అని పిల్లవాడు సరిగ్గానే రాస్తాడు. ఆ రెంటికీ మధ్య అమ్మమ్మ ఆగిన ఆ క్షణాన్ని మాత్రం ఎలా రాయాలో తెలియదు.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది ‘హ్యావ్’. సంవత్సరం చెబితే అది పనికిరాదంటారు మాస్టార్లు. ‘1977లో నేను నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను’ అంటే ‘లాస్ట్’ అనే రాయాలి. తేదీ పడితే సంగతి ముగిసినట్టే లెక్క. ‘హ్యావ్ లాస్ట్’ అంటే పోగొట్టుకున్నది ఇంకా వెన్నంటే ఉందన్న అర్థం తోస్తుంది.

నియమం నిజమే. పరీక్షలో అలాగే రాయాలి, మార్కు పోకూడదు. కానీ మనవడి నోటుపుస్తకంలో ‘హ్యావ్ లాస్ట్’ కనబడితే, దాన్ని దిద్దే ముందు ఆ కథ ఎవరు చెప్పారో ఒకసారి అడగాలనిపిస్తుంది. తేదీ అమ్మమ్మకూ తెలుసు. తమ్ముడికి ఇప్పుడు ఎన్నేళ్ళుండేవో కూడా ఆవిడ ఏటా లెక్క వేసుకుంటూనే ఉంటుంది.