కాపలా లేని పెట్టె

దాగిన వస్తువును వెదకుట బాలలకు సహజమైన వేడుక. 2000వ సంవత్సరము మే నెలలో ఉపగ్రహ సంకేతములు సామాన్యులకును స్పష్టముగా లభింపసాగెను. వెంటనే అమెరికాలో డేవ్ అల్మర్ అనునతడు ఒక బకెట్టును అడవిలో దాచి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. జియోకాచింగ్ అను క్రీడ అట్లు పుట్టినది.

దీనికి జి.పి.ఎస్. గల ఫోను, కలము, నీటిసీసా, గట్టి చెప్పులు చాలును. పెట్టె దొరకినవారు అందలి పుస్తకమున తమ పేరు వ్రాయుదురు. ఒక వస్తువును తీసికొన్నచో దానికి తీసిపోని దానిని ఉంచుదురు. పెట్టెను మరల యథాస్థానమున దాచుదురు. తినుబండారములు ఉంచరాదు, వాసనకు జంతువులు వచ్చును.

కొందరు దీనిని వట్టి కాలయాపనమందురు. అది సరికాదు. కాపలా లేని పెట్టెకడ న్యాయము పాటించుటకంటె మంచి శిక్షణ యేమున్నది?

అయితే చోటెరిగి ఆడవలెను. వికారాబాదు చెంతనున్న అనంతగిరి మూసీనదికి పుట్టినిల్లు. అచ్చటి అడవిలో అనుమతి లేక పెట్టెను ఉంచరాదు, నేలను త్రవ్వరాదు. తాండూరు నాపరాతి గనుల పాతగోతులయొద్ద దాచుట ప్రాణాపాయము. పెట్టెలోని చిన్న వస్తువునకే బదులిచ్చినవాడు, తనకింత ఆనందమిచ్చిన కొండకు చెత్తను మిగుల్చుట తగునా?