చోళ్ల అంబలి, కరువు భత్యం



మన మిల్లు కుటుంబాల పిల్లలు కొందరు పని కోసం కోరాపుట్ జిల్లా దామంజోడి వైపు వెళ్లి కాంట్రాక్టర్ల దగ్గర పని చేస్తున్నారు. పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు వాళ్లలో కొందరు అక్కడి సంతల్లో కొన్న చోళ్లు మూట కట్టి తెస్తున్నారు. అది చూసి క్వార్టర్లలో కొందరు నవ్వుతున్నారని విన్నాం. సంపాదనకు పోయినవాడు అంబలి పిండి తెచ్చాడట! ఈ నవ్వు గురించే ఈ సంచికలో రాయదలిచాం.

చోళ్లంటే రాగులే. తెలంగాణ సోదరులు తైదలంటారు, ఒడియావాళ్లు మాండియా అంటారు. కోరాపుట్ మనకు పరాయి సీమ కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా అది విశాఖపట్నం జిల్లాలో భాగమే. అక్కడి కొండలవాళ్లూ ఇక్కడి మన తాతలూ తిన్నది ఒకే అంబలి. వాళ్లు పూర్తిగా వదల్లేదు, మనం వదిలేశాం.

ఎందుకు వదిలేశాం? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. తెల్లన్నం తినడం గౌరవమని అంతకు ముందు నుంచే మన మనసులో ఉంది. చేతికి అందేసరికి చోళ్లు, సామలు, గంటెలు ఇంట్లోంచి పోయాయి. 2023 జనవరి నుంచి మనిషికి నెలకు ఐదు కిలోల తిండిగింజలు కార్డు మీద ఉచితంగానే వస్తున్నాయి. కడుపు నిండుతోంది. కానీ ఆ అన్నం పక్కన ఏముంది? మూడో వారం దాటితే చాలా ఇళ్లలో చారూ పచ్చడీ తప్ప మరేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఒడిశాలో 64 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 59 శాతం దాకా తేలింది. స్పిన్నింగు ఖాతాలో ఎనిమిది గంటలు నిలబడే మన అక్కచెల్లెళ్లు ఆ లెక్కలో లేరని ఎవరూ అనుకోవద్దు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేది వాళ్లే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. పాలిషు పట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. ఇనుమూ బియ్యంలో కన్నా చాలా ఎక్కువ. పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున్న గుప్పెడు నూకలు వేసి కాచి, చల్లారాక మజ్జిగా ఉల్లిపాయా కలిపితే అంబలి. పులియబెట్టడం రుచికే కాదు, అలా చేస్తే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. షుగరు ఉన్నవాళ్లకు పల్చని జావ కన్నా రొట్టె మేలు. అంబలి తాగుతున్నామని డాక్టరు ఇచ్చిన బిళ్లలు మానకండి.

ఒక్క చోళ్లతో అంతా అయిపోతుందని చెప్పడం లేదు. కందిపప్పు కొనలేని నెలలో ఉలవలు కొనండి. మాంసకృత్తుల్లో కందికి తీసిపోవు. ఉలవచారు కాచి అడుగున ఉడికిన గింజలు పశువులకు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. బలమంతా ఆ గింజల్లోనే ఉంది, గుగ్గిళ్లు చేసుకు తినండి. మునగచెట్టు లేని వీధి మనకు లేదు, కాయ కోసుకుని ఆకు వదిలేస్తున్నాం. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పోతుంది. రాత్రి షిఫ్టులో రెండు టీలు, ఒక బిస్కెట్ ప్యాకెట్టు మీద పెట్టే డబ్బుతో గుప్పెడు వేరుశనగ గుళ్లో, ఒక ఉడికించిన గుడ్డో వస్తుంది. ఎండు నెత్తళ్లు గుప్పెడు వేస్తే వంకాయ కూరకు రుచీ వస్తుంది, బలమూ వస్తుంది.

బెల్లం మాట కూడా చెప్పాలి. దూది దుమ్ము గొంతులోంచి దిగిపోతుందని షిఫ్టు చివర బెల్లం ముక్క ఇచ్చే ఆచారం మిల్లుల్లో ఉంది. తినండి, తప్పు లేదు. అయితే బ్లోరూములో దుమ్ము లాగే ఫ్యాన్లకు, మాస్కులకు అది బదులు కాదు. ఆ ఖర్చు యాజమాన్యానిది.

ఇంతవరకూ చదివి, యూనియన్ కూడా సర్దుకుని బతకమని చెబుతోందా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. కోరాపుట్ జిల్లాకు ఆనుకుని ఉన్న రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2001లో మామిడి టెంకల జీడి అంబలి కాచుకు తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. జీడి తినడం అక్కడ పాత అలవాటే, బూజు పట్టిన జీడి తినాల్సి రావడం మాత్రం అలవాటు కాదు. అదే ఏడు దేశంలో ప్రభుత్వ గోదాములు ధాన్యంతో కిక్కిరిసి ఉన్నాయి. ఆహార హక్కు కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా ఆ ఏడే. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్లీ మామిడి జీడి తిని మనుషులు చనిపోయారు. వాళ్లకు వంట తెలియక కాదు, పొదుపు తెలియక కాదు.

మన సంగతికి వద్దాం. 1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి లెక్క కట్టింది. కార్మికుడి సంపాదన మీద మూడు యూనిట్ల కుటుంబం బతకాలి, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీలు, ఏడాదికి ఇంటికి 72 గజాల గుడ్డ. ఆ తిండి లెక్క డాక్టర్ అక్రాయిడ్ వేసింది. ఆయన కూనూరులో నడిపిన పరిశోధనశాలే తర్వాత హైదరాబాదు వచ్చి పోషకాహార సంస్థ అయింది. ఆయన పళ్లెంలో అన్నం ఒక్కటే లేదు, పప్పూ ఆకుకూరా పాలూ ఉన్నాయి. రోజూ వేల గజాల నూలు తీసే మన ఇళ్లలో ఆ 72 గజాల గుడ్డయినా ఏటా కొంటున్నామా అన్నది వేరే సంగతి.

కరువు భత్యం లెక్క కూడా చూడండి. 2020లో 2016ను ఆధార సంవత్సరంగా పెట్టి పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ మార్చినప్పుడు తిండి పద్దు తూకం 46.2 నుంచి 39.17 శాతానికి దిగింది. కొత్తగా చేరిన కుర్రాడి జీతంలో తిండి ఖర్చు నలభై శాతం లోపు ఉందా? ఈ నెల మీ ఇంటి కిరాణా చీటీలు దాచి మీ ఖాతా ప్రతినిధికి ఇవ్వండి. వేతన చర్చల బల్ల మీద వాటినే పెడతాం.

కాంటీన్ సంగతి కూడా తేల్చాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి పైగా ఉన్నచోట కాంటీన్ పెట్టాలన్నది. 2020 కోడ్ ఆ సంఖ్యను కాంట్రాక్టు కార్మికులతో కలిపి 100కి దించింది. కాంట్రాక్టువాళ్లకు కాంటీన్ లేదనే మాట ఇక చెల్లదు. మూడో షిఫ్టులో బజ్జీలకు తోడు గుడ్డూ గుగ్గిళ్లూ అంబలీ పెట్టాలని అడుగుతున్నాం. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పథకం కింద రైతుల దగ్గర చోళ్లు కొని కొన్ని జిల్లాల్లో రేషను కార్డుల మీద ఇచ్చింది. మన డిపోల్లో కందిపప్పుతో పాటు అదీ ఇవ్వమని తహసిల్దారుకు అర్జీ పెడుతున్నాం. 2025-26కి రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. కొండ రైతుకు ఆ ధర దక్కాలనేది కూడా మన కోరికే.

ఈలోగా చోళ్లు, ఉలవలు బస్తాల లెక్కన తెప్పించి పంచుకుందామని మహిళా కమిటీ అంటోంది. కావలసినవాళ్లు జీతాల రోజు సాయంత్రం ఆఫీసులో పేరు రాయించి, ఎన్ని కిలోలు కావాలో చెప్పండి. డబ్బు రెండు విడతల్లో ఇవ్వవచ్చు. సంచి మీరే తెచ్చుకోవాలి.