రాత్రి పూచు జెముడు — దాని పుట్టినిల్లు

ఈ మధ్య మన సంఘమున అప్పు కోరువారిలో పెక్కుమంది డ్రాగన్ ఫలపు తోట పేరు చెప్పుచున్నారు. వలదనుటకు నేనీ వ్యాసము వ్రాయుటలేదు. కాని “ఇది ఎడారి మొక్క, నీరక్కరలేదు, ఎండకు వెఱవదు” అని మొక్కలమ్మువారు చెప్పు మాట నమ్మి రైతు కడీలు పాతించుచున్నాడు. ఆ మాట సగమే నిజము. తక్కిన సగమే తోటను చెఱచునది.

మన గట్లమీది నాగజెముడువలె ఇదియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. దీని పుట్టినిల్లు దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా దేశముల అడవులు. అవి ఎడారులు కావు. వానకాలమున పచ్చగ నుండి వేసవిని ఆకు రాల్చునవి. నల్లమల నెఱిగినవారికి వేఱుగ వర్ణింపనక్కరలేదు. అచ్చట నిది గాలివేళ్లతో చెట్ల మానులను పట్టుకొని ప్రాకును, రాళ్లపైకిని ఎక్కును. పైన కొమ్మల నీడ, క్రింద ఆకు కుళ్లి గుల్లయైన మన్ను, వాననీరు నిలువదు.

పగలు కాండముమీది సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిదప తెఱచి గాలి పీల్చును గనుక కొద్దినీటితో బ్రదుకును. అయినను బ్రదుకుట వేఱు, కాయుట వేఱు.

పూవును రాత్రిదే. జానెడుకు మించిన ఆ తెల్లని పూవు సాయంకాలమున విచ్చనారంభించి మఱునాటి ఉదయమునకు వాడును. పుట్టినింట గబ్బిలములును, పెద్ద రెక్కపురుగులును దాని పుప్పొడిని మోయును. మన ఇండ్లలో బ్రహ్మకమలమని పిలిచి రాత్రి మేల్కొని చూచు పూవు దీని దాయాదియే, హిమాలయపు బ్రహ్మకమలము కాదు. ఈ ఫలమునకు సయితము గుజరాతు ప్రభుత్వము 2021లో కమలమని పేరిడినది!

మన తోటలకు ఆ దేశపు గబ్బిలములు రావు. తెల్లవారుజామున తేనెటీగలు వచ్చును. తెల్లగుజ్జు రకములు పెక్కు తమ పుప్పొడితోనే కాయును. ఎఱ్ఱగుజ్జు రకములలో కొన్నిటికి వేఱు రకపు పుప్పొడి కావలయును. ఎకరమంతయు ఒకే ఎఱ్ఱరకము పెట్టి పూలు రాలినవని వగచుటకంటె, నాటునాడే రెండు రకములు కలిపి పెట్టి, రాత్రి దీపము పట్టుకొని కుంచెతో పుప్పొడి అంటించుట మేలు. పూవు నిలిచిన నెలకు కాయ పండును.

ఇక ఎండ. మన వేసవి 40 డిగ్రీలు దాటును. నీడలేని కాండము పసుపుబాఱి కాలును. కాలినచోట కుళ్లు ప్రవేశించును. పడమటి దిక్కున అవిసెయో మునగయో వరుసగ నుండవలయును, లేదా నీడవల కట్టవలయును. నల్లరేగడిలో ఎత్తైన మట్టికట్ట వేయక నాటినచో ఒక్క ముసురునకే వేరు కుళ్లును.

పదియడుగుల ఎడమున ఎకరమునకు సుమారు 435 కడీలు, కడీకి నాలుగు చొప్పున 1,740 మొక్కలు. ఈ వ్యయమంతయు మొదటియేటిదే. చెప్పుకొనదగిన కాపు రెండవ మూడవ యేటగాని రాదు. కావున మొదటి యేడే వాయిదా కోరుట సంఘమునకు తగదు. కడీలకు మాత్రమే అప్పిచ్చుటయు తగదు. నీడకు, మురుగుకాలువకు కూడ ఈయవలయును. అవి లేని దరఖాస్తును త్రోసివేయవలయును. క్రొత్తవారికి ఇరువది సెంట్లకు మించి ఈయకుండుట మంచిదని నా అభిప్రాయము. దీనికి కొందరు సభ్యులు కోపింతురని యెఱుగుదును.

వచ్చు తొలకరికి నాటదలచినవారు అవిసె విత్తనము ముందుగనే వేసికొనవలయును.