క్లోమంలో నీటితిత్తి: కోతకు ముందే తేల్చుకోవాలి

కడుపునొప్పికో, కిడ్నీలో రాయికో తీయించిన సీటీ స్కాన్‌లో అనుకోకుండా క్లోమంలో నీటితిత్తి కనబడడం ఇప్పుడు అరుదు కాదు. పొట్టకు సీటీ తీయించుకున్న పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇవి బయటపడుతున్నాయి. కర్నూలు, కడప పట్టణాల్లో స్కాన్ తీయించుకోవడం తేలికే. రిపోర్టు చేతికొచ్చాకే అసలు కష్టం. ‘క్యాన్సర్ కాదని చెప్పలేం’ అన్న ఒక్క మాటకు ఇల్లంతా కుదేలవుతుంది. ఒకరు ఆపరేషన్‌కు అప్పు వెతుక్కుంటారు, మరొకరు నొప్పి లేదు కదా అని ఆ కాగితాన్ని అటకెక్కిస్తారు. రెండూ తప్పే కావచ్చు. ఏది తప్పో తేల్చడానికి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉంది. అవసరమున్న రోగికి అది సర్కారు ఖర్చుతో, రాయలసీమలోనే అందాలన్నది నా వాదన.

తిత్తులన్నీ ఒక జాతివి కావు. మద్యం వల్లో, పిత్తాశయంలో రాళ్ల వల్లో క్లోమం వాచి, ఆ తర్వాత ద్రవం చేరి ఏర్పడే తిత్తి క్యాన్సర్‌గా మారదు. పల్చటి నీరుండే సీరస్ తిత్తి మారడం అత్యంత అరుదు. భయమంతా జిగురు ఊరే మ్యూసినస్ తిత్తులతోనే. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి మెల్లగా క్యాన్సర్ వైపు నడుస్తాయి. స్కాన్ బొమ్మలో మాత్రం ఇవన్నీ ఒకేలా కనబడవచ్చు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో నోటి గుండా పంపే గొట్టం కొసనే అల్ట్రాసౌండ్ ఉంటుంది కాబట్టి, జీర్ణాశయం వెనకే ఉన్న క్లోమాన్ని అతి దగ్గరి నుంచి చూడొచ్చు, సన్నని సూదితో తిత్తిలోని ద్రవం తీయొచ్చు. అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ లీటరుకు 250 యూనిట్లకు లోపుంటే అది వాపు వల్ల వచ్చిన తిత్తి కాదని దాదాపు ఖాయం. సీఈఏ అనే ప్రోటీన్ మిల్లీలీటరుకు 192 నానోగ్రాములు దాటితే జిగురు తిత్తిగా అనుమానించాలన్న కొలత 2004 నాటి అమెరికా అధ్యయనంలో వచ్చింది. ఇటీవల అంతకన్నా నమ్మకమైనదిగా తేలుతున్నది మామూలు గ్లూకోజ్ పరీక్ష. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములకు తగ్గితే జిగురు తిత్తి అయ్యే అవకాశమే ఎక్కువ. తాలూకా ల్యాబ్‌లో కూడా జరిగే పరీక్ష ఇది.

ప్రతి తిత్తికీ సూది ఎందుకని అడిగేవారిది న్యాయమైన ప్రశ్న. అక్కర్లేదు. చిన్నదై, ఏ ఇబ్బందీ లేకపోతే గడువు ప్రకారం ఎంఆర్ఐ చాలు. 3 సెంటీమీటర్లకు చేరిన తిత్తి, 5 మిల్లీమీటర్లకు ఉబ్బిన ప్రధాన నాళం, లోపల బుడిపె వంటివి ఉన్నప్పుడే లోతుగా చూడాలని 2017 ఫుకువోకా మార్గదర్శకాలు చెప్పాయి. కామెర్లు వచ్చి, క్లోమం తలభాగంలో తిత్తి ఉంటే సర్జన్ దగ్గరికి వెళ్లడమే మంచిది. సూదితో కొద్దిమందికి రక్తస్రావం, ఇన్ఫెక్షన్, క్లోమం వాపు రావచ్చు. ద్రవంలో క్యాన్సర్ కణాలు దొరకనంత మాత్రాన క్యాన్సర్ లేదని నిశ్చింతగా ఉండలేం. అయినా క్లోమం తలభాగాన్ని తీసేసే విపుల్ ఆపరేషన్‌తో పోలిస్తే ఈ ముప్పు చాలా తక్కువ. ఆ ఆపరేషన్ తర్వాత అనుభవమున్న ఆసుపత్రుల్లో సైతం ఎంతోమంది చిక్కుల్లో పడతారు, కొందరికి జీవితాంతం మధుమేహం మిగులుతుంది. అక్కర్లేని కోతను ఒక్కదాన్ని తప్పించినా ఆ కుటుంబం నిలబడుతుంది.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ యంత్రం ఖరీదైనదే. కానీ అదే యంత్రంతో వాపు వల్ల వచ్చిన తిత్తిలోని ద్రవాన్ని స్టెంటు వేసి జీర్ణాశయంలోకి మళ్లించొచ్చు, క్లోమం గడ్డల నుంచి ముక్క తీయొచ్చు. నిపుణులు కావాలన్నది మరింత గట్టి అభ్యంతరం. తర్ఫీదు లేని చేతిలో ఈ పరీక్ష నిష్ప్రయోజనం. అయితే హైదరాబాద్‌లో ఏఐజీ ఆసుపత్రిని స్థాపించి, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలోనే. నేర్పేవారు మనకు దూరం కాదు. రోగికి మాత్రం దూరమే. కడప నుంచి హైదరాబాద్ 400 కిలోమీటర్ల పైమాట. కూలి పోగొట్టుకుని, తోడుకు మరొకరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఈ సేవ నిరంతరం నడిచేలా, కడప రిమ్స్ నుంచి రోగి నేరుగా అక్కడికి చేరేలా, రోగి జేబు నుంచి రూపాయి పోకుండా ప్రభుత్వం ఏర్పాటు చేయాలి.