కాలువలో కలుపు.. తొట్టెలో కళ

హైస్కూల్లో జీవశాస్త్రం చదివినవాళ్లెవరూ హైడ్రిల్లాను మరిచిపోరు. బీకరు నీళ్లలో బోర్లించిన గరాటు, దాని కింద నాలుగు కొమ్మలు, పైన పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు లేస్తాయి. పోగైన వాయువు దగ్గర నిప్పురవ్వ ఉన్న పుల్ల పెడితే భగ్గుమంటుంది. ఏలూరు కాలువ ఒడ్డునే ఉన్న విజయవాడ గుణదలలో ఆ మొక్కను చూడ్డానికి ల్యాబుకే పోనక్కర్లేదు. డెల్టా బోదెల్లో, చెరువుల్లో అది దానంతటదే పెరుగుతుంది. అయినా కొత్తగా అక్వేరియం కొన్నవాళ్లు దుకాణంలో అడిగేది మాత్రం ‘ఫారిన్ ప్లాంట్స్ ఏమున్నాయి?’ అనే.

ఆ పేరుతో చేతికొచ్చేవాటిలో అసలు నీటి మొక్కలే కానివి కొన్ని ఉంటాయి. లక్కీ బ్యాంబూగా అమ్మే డ్రసీనా, సింగోనియం నేల మీద బతికేవి. నిండా ముంచినా కొన్ని వారాలు పచ్చగానే ఉంటాయి, కొన్నవాడు మురిసిపోతాడు. తర్వాత ఆకు మెత్తబడుతుంది, కాడ కుళ్లుతుంది, ఆ కుళ్లులోంచి పుట్టే అమ్మోనియా చేపల ప్రాణం మీదికి తెస్తుంది. కొనేముందు మొక్కను నీళ్లలోంచి పైకెత్తి చూడటం మంచిది. నీటిలోనే పెరిగినది చాలావరకు తడిగుడ్డలా వాలిపోతుంది. నిటారుగా నిలబడితే అనుమానించాలి. అనూబియాస్ లాంటి గట్టి ఆకువాటికి ఈ పరీక్ష పనికిరాదు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. విజయవాడ మే నెల ఎండకు గదిలోని తొట్టె నీళ్లు కూడా ముప్పై డిగ్రీలు దాటిపోతాయి. చల్లటి నీటికి అలవాటుపడిన ఖరీదైన మొక్కలు ఆ వేడికి కరిగిపోతాయి. మన హైడ్రిల్లా, వాలిస్నేరియా తట్టుకుంటాయి. హైడ్రిల్లాకు కణుపు కణుపునా నాలుగు నుంచి ఎనిమిది ఆకులు చుట్టూ ఉంటాయి. ఆకు అంచును రెండు వేళ్ల మధ్య లాగితే రంపపు పళ్లు గరుకుగా తగులుతాయి. వాలిస్నేరియాది రిబ్బను లాంటి పొడవాటి ఆకు, మొదట్లో కాడే ఉండదు. వరిమళ్ల నీటిలో కనిపించే లిమ్నోఫిలాకు ముంపులో ఉన్న ఆకులు దారాల్లా చీలి ఉంటాయి, నీటిపైకి వచ్చినవి మామూలు ఆకుల్లా ఉంటాయి. ఒకే కొమ్మకు రెండు రకాల ఆకులు చూసి కంగారు పడనక్కర్లేదు.

అలాగని నగరం నడుమ మురుగు కలిసే కాలువలో చెయ్యి పెట్టమని కాదు. ఊరి బయట మంచినీటి చెరువులోంచి తెచ్చుకున్నా, కడిగి వారం పది రోజులు వేరే బకెట్లో ఉంచాలి. నత్తగుడ్లు, తూనీగ పిల్లపురుగులు వాటితోపాటే వస్తాయి. ఆ పురుగులు చిన్న చేపపిల్లల్ని తినేస్తాయి.

నాటడంలోనూ ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. దుకాణంలో సీసపు పట్టీతో కట్టిన కట్టను అలాగే గులకరాళ్లలో గుచ్చితే మధ్యలోవి మురిగిపోతాయి. పట్టీ తీసేసి, అడుగు ఆకులు తుంచి, రెండు కణుపులు లోపలికి వెళ్లేలా ఒక్కో కాడనూ విడిగా నాటాలి. వాలిస్నేరియాకు వేళ్లు మాత్రమే కప్పాలి, ఆకులు మొలిచే తెల్లటి మొదలు పైకి కనబడాలి. అనూబియాస్, జావా ఫెర్న్‌ల దుంపకాండాన్ని అసలు పూడ్చకూడదు, రాయికో చెక్కకో దారంతో కట్టాలి. దీపం ఆరేడు గంటలు చాలు. రాత్రంతా వేసి ఉంచితే పెరిగేది పాచి. చేపల తొందర కూడా వద్దు. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నెలా నెలన్నర పడుతుంది, ఈలోగా మొక్కలే ఆ అమ్మోనియాను కొంత పీల్చుకుంటాయి.

ఇంట్లో మొక్క బతకడం ఒక ఎత్తు. ఎక్కువై బయట పారేసింది బతకడం మరో ఎత్తు, అసలు గొడవంతా అక్కడే. మనం పట్టించుకోని ఈ హైడ్రిల్లానే 1950ల తొలినాళ్లలో ఒక అక్వేరియం వ్యాపారి శ్రీలంక నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు తెప్పించాడు. అక్కడ దాని పేరు ‘ఇండియన్ స్టార్ వైన్’. 1960లో అది బయటి నీళ్లలో కనబడితే ఎలోడియా అనే మరో మొక్క అనుకున్నారు. అసలు సంగతి తేలేసరికి బురదలో దుంపలు దిగిపోయాయి. దాన్ని అదుపు చేయడానికి లక్షల డాలర్లు పోస్తూ వచ్చారు. ఇటు దక్షిణ అమెరికా నుంచి పూల అందం చూసి తెచ్చుకున్న గుర్రపుడెక్క మనకు ఏం మిగిల్చిందో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. కాలువలు కట్టేసిన వేసవిలో పొక్లెయిన్లు ఎత్తిపోసేది దాన్నే. 2020 నవంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా ఆవళపాండిలో నీళ్లు గులాబీ రంగు తివాచీ అయ్యాయని జనం ఫొటోలకు ఎగబడ్డారు. ఆ పూలు కబోంబావి. అదీ అక్వేరియం మొక్కే, అదీ దక్షిణ అమెరికాదే.

ఇంత జరిగాక కూడా మొక్కకు పేరు లేకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇవ్వడం ఏమిటి? నీటిలో బతికేదా కాదా, ఏ దేశానిది అన్న రెండు ముక్కలు ప్రతి మొక్కకూ చీటీ రాసి పెట్టమనడం దుకాణాలకు పెద్ద భారం కాదు. మత్స్యశాఖ ఆ మాట గట్టిగా చెప్పొచ్చు. కొనేవాళ్ల వంతు ఇంకా తేలిక. కత్తిరించిన కొమ్మల్ని సింకులో, కాలువలో పడేయకుండా డాబా మీద ఎండలో పూర్తిగా ఎండబెట్టి, పూలకుండీల్లో ఎరువుగా కలిపేస్తే చాలు.