జనాజాకు ముందే చేరుకుందాం

మన వీధిలో ఎవరైనా కన్నుమూస్తే, మస్జిద్ మైకులో ప్రకటన వెలువడిన గంటలోనే అన్నీ సమకూరుతాయి. కఫన్ వస్త్రం వస్తుంది, గుస్ల్ ఇచ్చేవారు వస్తారు, ఖబరస్తాన్‌లో తవ్వకం మొదలవుతుంది. ఆ ఇంటివారు ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. ఇది మన సమాజం గర్వించదగిన సంప్రదాయం. కానీ ఆ ప్రకటనకు ముందు రెండు మూడు నెలలపాటు ఆ మంచం పక్కన ఎవరున్నారు?

బ్రాడీపేటలో ఒక్క గదిలో అద్దెకుండే మిర్చియార్డు హమాలీ భార్యకు క్యాన్సర్ ముదిరింది. 'ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి' అన్నారు ఆసుపత్రివారు. 'ప్రాణం ఇక్కడ పోకుండా చూసుకోండి' అన్నాడు ఇంటి యజమాని. రాత్రుళ్లు ఆమె మూలుగు బయటికి వినపడకుండా పిల్లలు తలుపులు మూసేవారు. చివరకు ఆటోలో సొంత ఊరికి చేర్చారు. మూడోనాడే ఆమె కన్నుమూసింది. కబురందగానే వాహనం మాట్లాడుకుని జనాజాకు వెళ్లాం. ఆమె బతికుండగా మేము ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. రోగిని పరామర్శించడం ముస్లింపై సాటి ముస్లింకున్న హక్కు అని ఎన్ని జుమా ప్రసంగాల్లో విన్నామో!

జబ్బు నయం కాదంటే వైద్యం ముగిసిందని కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, మంచంపుండ్లు, వీటన్నిటికీ ఉపశమన వైద్యం ఉంది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఉంది. గుర్తింపు పొందిన సంస్థలకు అది అందేందుకు 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు. ఇది చావును తొందరపెట్టడం కాదు. వైద్యుడు నిర్ణయించిన మోతాదులో మందుగా వాడడం వ్యసనమూ కాదు. అనివార్య అవసరంలో నిషిద్ధానికీ వెసులుబాటు ఉందన్నది మన ఫిఖ్ సూత్రమే.

కేరళలో ఈ పని 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో మొదలైంది. తర్వాత ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చిన్న చిన్న విరాళాలు పోగుచేసి రోగుల ఇళ్లకు వెళ్లసాగారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనిపై ప్రత్యేక విధానమే ప్రకటించింది. హైదరాబాదులో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ రోగులకు ఉచితంగా సేవ చేస్తోంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఇద్దరేసి రోగులను మాత్రమే ఉంచుకునే చిన్న ఇళ్లను స్థానికులే నడుపుతున్నారు.

గుంటూరులో మనమూ రెండు మూడు మంచాల ఇల్లొకటి తెరవలేమా? ఒక దాత ఇల్లు, వంతులవారీగా వచ్చే స్త్రీ పురుష కార్యకర్తలు, ఒక నర్సు, వారానికి రెండుసార్లు వచ్చే వైద్యుడు ఉంటే చాలు. జకాత్ సొమ్మును పేద రోగికే అందించాలి. అద్దెకు, జీతాలకు సదఖా, వక్ఫ్ ఆదాయం ఉపయోగించాలి. ఈ విషయంలో ఉలమాల సలహా ముందే తీసుకుంటే వివాదం ఉండదు. మతం అడగకుండా అందరినీ చేర్చుకోవాలి.

'ఇది తల్లిదండ్రులను వదిలించుకునే దారి అవుతుంది' అంటారు కొందరు పెద్దలు. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోము. అందుకే కుటుంబంలో ఒకరు రోగి పక్కనే ఉండాలన్నది ఆ ఇంటి మొదటి నియమం కావాలి. కూలికి పోకుంటే పొయ్యి వెలగని కొడుకు తల్లిని చూసుకోలేకపోవడం నిర్లక్ష్యం కాదు, పేదరికం. అతనికి తోడు నిలవడమే మన పని.

వచ్చే జుమా తర్వాత ప్రతి మస్జిద్ కమిటీ ఒక్క జాబితా రాయాలి: మన మొహల్లాలో మంచం పట్టినవారెవరు? ఇల్లు తెరిచేలోగా ఆ గడపలు తొక్కడం మొదలుపెడదాం. భుజం పట్టడానికి ఎలాగూ వెళ్తాం. అంతకుముందే వెళ్లి చేయి పట్టుకుందాం.