కోచ్‌ను మారిస్తే జట్టు మారదు

2024 సెప్టెంబరులో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ జరిగింది. భారత జట్టు కోచ్‌గా మనోలో మార్కెజ్‌కు అవే తొలి మ్యాచ్‌లు. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. అంతకు రెండేళ్ల ముందే ఈ మనోలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచి పెట్టాడు. 2025 జూలైలో భారత జట్టును వదిలి వెళ్లేనాటికి ఆయన లెక్క ఎనిమిది మ్యాచ్‌లు, ఒకే గెలుపు, అదీ మాల్దీవుల మీద. అప్పట్లో మంత్రగాడన్న నోళ్లే ఇప్పుడు పనికిరాడన్నాయి.

మా హాలియా సెంటర్లో రాత్రిళ్లు ఫోన్లలో ప్రీమియర్ లీగ్ చూసే కుర్రాళ్ల నుంచి టీవీల్లో విశ్లేషణలు చెప్పే పెద్దల దాకా అందరిదీ ఒకటే మాట. దమ్మున్న కోచ్ ఎక్కడికెళ్లినా గెలుస్తాడు, గెలవకపోతే మార్చెయ్యాలి. ఈ మాట తప్పు. అంతకంటే ముఖ్యంగా, ఆటకు చేటు చేసే మాట. జట్టు ఓడినప్పుడు క్లబ్బు యజమానినీ, సంఘం పెద్దలనూ ఎవరూ ఏమీ అడగకుండా కాపాడేది ఇదే.

సాగర్ ఎడమ కాలువ కింద ఒకే విత్తనం వేసిన ఇద్దరు రైతుల్లో తూముకు దగ్గరున్నవాడి పొలం పండి, చివరి భూమివాడి పొలం ఎండితే, రెండోవాడికి సేద్యం చేతకాదని మా దగ్గర ఎవరూ అనరు. నీళ్లు ఎవరు ఆపారని అడుగుతారు. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఈ పాటి ఇంగితం ఎందుకు పోతుంది?

నాతో విభేదించేవాళ్ల దగ్గర ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటవేయను. 2019-20లో హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్ కోచ్ ఫిల్ బ్రౌన్. ఇంగ్లండ్‌లో హల్ సిటీని 2008లో ప్రీమియర్ లీగ్‌కు తీసుకెళ్లిన మనిషి. ఇక్కడ జట్టు అట్టడుగున పడింది, 2020 జనవరిలోనే ఆయన్ను పంపేశారు. మరుసటి సీజన్‌కు మనోలో వచ్చాడు, జట్టు అయిదో స్థానానికి ఎక్కింది. అదే క్లబ్బు, మారింది కోచే కదా అంటారు.

మారింది కోచ్ ఒక్కడే కాదు. బ్రౌన్ తర్వాత వచ్చిన ఆల్బర్ట్ రోకా రాబోయే సీజన్ కోసం జట్టును సిద్ధం చేసి, 2020 ఆగస్టులో బార్సిలోనాకు వెళ్లిపోయాడు. ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లు మనోలో అడుగుపెట్టేసరికే క్లబ్బులో ఉన్నారు. పైగా కోవిడ్ వల్ల మనోలో తొలి రెండు సీజన్లూ గోవాలోనే ఆడించారు. నెలల తరబడి జట్టంతా ఒకచోటే ఉండి, ఒకచోటే తిని, రోజూ కోచ్ కళ్లముందే సాధన చేసింది. తొలి ఏడాది ప్లేఆఫ్ అందకపోయినా మనోలోను ఎవరూ తరమలేదు. రెండో ఏడాది 18 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ ఒగ్బెచే ముందుండగా, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తారు. మనోలో ప్రతిభను నేను తగ్గించడం లేదు. ఆ ప్రతిభకు చోటు దొరికిందంటున్నాను. అదే మనిషి 2017లో స్పెయిన్‌లో లాస్ పాల్మాస్ కోచ్‌గా సీజన్ మొదలుపెట్టి సెప్టెంబరు దాటకుండానే రాజీనామా చేశాడు. భారత జట్టుకొచ్చేసరికి ఆటగాళ్లు చేతికందేది కొద్ది రోజులే, ఆ ఏడాదంతా ఎఫ్‌సీ గోవా కోచ్ పని కూడా ఆయనదే. ఒగ్బెచే లాంటివాణ్ని కొనడానికి దేశం జట్టు క్లబ్బు కాదు. గోల్ కొట్టేవాడు లేక, రిటైరైన సునీల్ ఛెత్రీని నలభయ్యో ఏట వెనక్కి పిలవాల్సి వచ్చింది. దీన్ని ఒక్క మనోలో మీదికి తోయడం న్యాయమా?

రహీం సాబ్‌తోనే భారత ఫుట్‌బాల్ పోయిందనే మాట మరో రకం పొరపాటు. సయ్యద్ అబ్దుల్ రహీం అంటే నాకు అపారమైన గౌరవం. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదు రోవర్స్ కప్పులు ఆయన చలవే. కానీ ఆయన్ను మహిమలు చేసినవాడిగా చూపితే ఆయన పనినే చెరిపేసినట్టు. ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లకు నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం ఉండేది. అందరూ ఒకే ఊళ్లో ఉండేవాళ్లు. బడిపంతులుగా మొదలైన రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా. పిల్లలకు డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, వాటం లేని కాలితోనే తన్నే పోటీలు పెట్టించారు. అంటే జట్టు, దానికి కుర్రాళ్లను అందించే బళ్లూ మైదానాలూ అన్నీ ఆయన చేతికింద ఉన్నాయి. అదే రహీం కోచ్‌గా 1952 హెల్సింకీలో, చాలామంది వట్టికాళ్లతో ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. ఆ నెలలో ఆయన తెలివి తగ్గిందా? బూట్లు అలవాటు చేయని వ్యవస్థ ఓడింది.

బయట ఉదాహరణ కావాలంటే బ్రయన్ క్లఫ్ చాలు. డర్బీని 1972లో ఇంగ్లండ్ చాంపియన్‌ను చేసినవాడు 1974లో లీడ్స్‌లో 44 రోజులే నిలిచాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో 1979, 1980ల్లో యూరోపియన్ కప్పులు గెలిచాడు. డర్బీలోనూ ఫారెస్ట్‌లోనూ ఆటగాళ్లను వెతికి పట్టే పీటర్ టేలర్ పక్కన ఉన్నాడు. లీడ్స్‌కు మాత్రం రాలేదు.

ఇక 2023-24 హైదరాబాద్ ఎఫ్‌సీ. జీతాలు అందలేదు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. మనోలోకు సహాయకుడిగా పనిచేసిన థాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లను పెట్టుకుని సీజన్ ఈదాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. యజమాని మారాక 2024 డిసెంబరులో సింగ్టోను కూడా పంపేశారు. ఆ సీజన్ కూడా అట్టడుగు దగ్గరే ముగిసింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన మూడేళ్లకే హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ జట్టు లేకుండా పోతే, అందులో ఏ కోచ్ తప్పుందో నాకెవరైనా చెప్పాలి.

రేపు మళ్లీ ఎవరో ఒకరు హైదరాబాద్ పేరుతో క్లబ్బు పెడతామని వస్తారు. విలేకరులు మొదట అడిగేది కోచ్ ఎవరనే. అడగాల్సింది అది కాదు. మూడు సీజన్ల జీతాల డబ్బు ఎక్కడుంది? మైదానం ఎన్నేళ్లకు మాట్లాడుకున్నారు? మొదటి ఏడాది ఓడినా కోచ్‌ను ఉంచుతామని రాసిస్తారా? హాలియా, మిర్యాలగూడ, కోదాడ బళ్ల నుంచి ఏటా ఎంతమంది పిల్లలను ఎంచి, ఎక్కడ ఆడిస్తారు?